వైర్లన్నీ కలిపారు సరే... సరౌండ్ ఏదీ?

సెట్‌టాప్ బాక్స్, ఫైర్ టీవీ స్టిక్, గేమింగ్ కన్సోల్, ల్యాప్‌టాప్, ఫోను... ఇవి చాలవన్నట్టు అటక మీంచి దింపిన తాతగారి రికార్డ్ ప్లేయరు! ఇన్నింటినీ ఒక్క హోమ్ థియేటర్ రిసీవర్‌కి కలపాలి. రంధ్రం కనిపించిన చోటల్లా వైరు గుచ్చేస్తే సౌండ్ వస్తుంది కానీ, సరౌండ్ రాదు. మరెలా?

వేలకు వేలు పోసి రిసీవర్ కొంటాం. గది చుట్టూ ఐదు స్పీకర్లు, ఓ మూల సబ్‌వూఫర్ పెడతాం. సినిమా వేయగానే అన్నీ మోగుతాయి. ‘అబ్బ, అచ్చం థియేటరే’ అని మురిసిపోతాం. కాస్త చెవి పెట్టి వింటే అనుమానం మొదలవుతుంది. హీరో డైలాగు తెర వైపు నుంచే కాదు, సోఫా వెనక నుంచీ వినిపిస్తోంది. వాన పడే సీన్లో ముందూ వెనకా తేడా లేదు. కారు ఎడమ నుంచి కుడికి దూసుకుపోయినా శబ్దం మాత్రం ఉన్నచోటే ఉంది.

అంటే అక్కడ వస్తున్నది సరౌండ్ కాదు. రెండు ఛానళ్ల మామూలు స్టీరియోనే రిసీవర్ అన్ని స్పీకర్లకూ పంచిపెడుతోంది. తప్పు రిసీవర్‌ది కాదు, స్పీకర్లదీ కాదు. చాలాసార్లు తప్పంతా మధ్యలో ఉన్న దారిదే. సినిమా దగ్గర ఆరు ఛానళ్లుగా బయల్దేరిన శబ్దం, దారిలో ఒక్క చోట ఇరుకైనా సరే... చివరికి రెండుగానే మిగులుతుంది. కాబట్టి ఏ వైరు ఎక్కడ పెట్టాలన్నది తర్వాత. ఏ దారిలో ఎంత పడుతుందన్నది ముందు తెలియాలి.

రిసీవర్ ఓ పెద్ద జంక్షన్

రిసీవర్‌ని మనం ‘యాంప్లిఫయర్’ అనేస్తుంటాం. నిజానికి అది మూడు పనులు చేస్తుంది. ఏ పరికరం నుంచి శబ్దం తీసుకోవాలో ఎంచుకోవడం మొదటిది. డాల్బీ, డీటీఎస్ లాంటి పద్ధతుల్లో ప్యాక్ చేసి వచ్చిన సంకేతాన్ని విప్పి, ఏ స్పీకర్‌కి ఏది వెళ్లాలో విడదీయడం రెండోది. స్పీకర్లు మోగడానికి కావాల్సిన పవర్ ఇవ్వడం మూడోది.

విజయవాడ జంక్షన్‌నే తీసుకోండి. రైళ్లు ఎన్ని దిక్కుల నుంచైనా వస్తాయి. కానీ వచ్చే పట్టాల వెడల్పు సరిపోవాలి కదా! మీటర్‌గేజ్ పట్టాల మీద బ్రాడ్‌గేజ్ రైలు రాదు. రిసీవర్ వెనక ఉన్న రకరకాల సాకెట్ల కథా అంతే.

మనం తరచూ వినే 5.1 అంటే... ముందు ఎడమ, మధ్య, కుడి కలిపి మూడు, మనకు రెండు పక్కలా కాస్త వెనగ్గా రెండు, మొత్తం ఐదు స్పీకర్లు. ఆ ‘.1’ దిమ్మదిరిగే దడదడ శబ్దాల కోసం సబ్‌వూఫర్‌కి ఇచ్చిన ఛానల్. డాల్బీ అట్మాస్‌లో వీటికి తోడు పైనుంచి వచ్చే శబ్దాలూ ఉంటాయి. 5.1.2 అంటే చివరి రెండూ పై స్పీకర్లన్నమాట. 2015లో వచ్చిన ‘బాహుబలి’, 2022 నాటి ‘ఆర్‌ఆర్‌ఆర్’ థియేటర్లలో అట్మాస్‌లో విన్నవే.

ఏ దారిలో ఎంత పడుతుంది?

ముందు ఓ చిన్న లెక్క. డిజిటల్ శబ్దంలో సెకనుకు 48 వేల నమూనాలు, ఒక్కో నమూనాకు 24 బిట్లు, మొత్తం 6 ఛానళ్లు అనుకుందాం. గుణిస్తే సెకనుకు 69 లక్షల బిట్లు దాటుతుంది. దీన్నే డాల్బీ డిజిటల్‌గా కుదిస్తే గరిష్ఠంగా 6.4 లక్షల బిట్లలో సర్దేయొచ్చు. అసలు సరుకు ఎంత, మూట కట్టాక ఎంత... ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా తేలికే.

హెచ్‌డీఎంఐ: అన్నింటికంటే విశాలమైన దారి. బొమ్మ, శబ్దం రెండూ ఒకే కేబుల్లో వస్తాయి. కుదించని 7.1 ఛానళ్లు, బ్లూరేలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, అట్మాస్... అన్నీ దాటిపోతాయి. అవకాశం ఉన్నప్పుడు ఇంకో దారి గురించి ఆలోచించాల్సిన పనే లేదు.

ఆర్క్: ఇదీ హెచ్‌డీఎంఐ కేబులే. కాకపోతే శబ్దం టీవీ నుంచి రిసీవర్‌కి వెనక్కి వస్తుంది. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. స్టీరియో, కుదించిన 5.1 పడతాయి. ఓటీటీల్లో వచ్చే కుదించిన అట్మాస్ కూడా చాలా టీవీల్లో ఈ దారిన వెళ్లిపోతుంది. కుదించని 5.1 మాత్రం పట్టదు.

ఈఆర్క్: హెచ్‌డీఎంఐ 2.1తో పాటు 2017లో ప్రకటించారు. ఆర్క్‌లో ఉన్న ఇరుకు దీంతో పోయింది. సెకనుకు 3.7 కోట్ల బిట్ల దాకా వెనక్కి పంపుతుంది. అయితే టీవీ, రిసీవర్ రెండింటికీ ఈ సదుపాయం ఉండాలి. ఒక్కదానికే ఉంటే మామూలు ఆర్క్‌గానే పనిచేస్తుంది.

ఆప్టికల్: చివర ఎర్రగా వెలిగే సన్నటి కేబుల్. తోషిబా కంపెనీ 1983లో తెచ్చింది, అందుకే దీనికి ‘టాస్‌లింక్’ అని పేరు. సీడీల కాలం నాటి దారి కాబట్టి స్టీరియో గానీ, కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 గానీ పడతాయి. అట్మాస్ ఆశ పెట్టుకోవద్దు. ఇందులో వెళ్లేది కరెంటు కాదు, వెలుతురు. అందుకే గుంయ్‌మనే రొద రాదు. పాత టీవీ ఉన్నవాళ్లకు ఇప్పటికీ పనికొచ్చే చుట్టమే. ఒంటి పిన్నుతో ఉండే కోయాక్సియల్ డిజిటల్ సాకెట్‌దీ దాదాపు ఇదే సామర్థ్యం.

ఎర్ర-తెల్ల పిన్నులు: వీటినే ఆర్‌సీఏ అంటారు. ఒకటి కుడి, ఒకటి ఎడమ. అంటే స్టీరియో, అంతే. ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా రెండు పిన్నుల్లోంచి ఆరు ఛానళ్లు విడివిడిగా రావు.

బ్లూటూత్: రిసీవర్‌కి ఫోన్‌లో పాటలు వినిపించడానికి హాయిగా ఉంటుంది. ఇదీ స్టీరియోనే. పైగా శబ్దం 0.2 సెకను దాకా ఆలస్యమవుతుంది. ఇంతేనా అనుకోకండి. గాల్లో శబ్దం ఆ కాస్త సమయంలో దాదాపు 68 మీటర్లు వెళ్తుంది. అంటే నటుడు 68 మీటర్ల దూరంలో నిలబడి మాట్లాడుతున్నట్టు! పెదాలు ఒకటి చెబుతుంటే మాట తర్వాత వచ్చేది అందుకే. సినిమాలకు, గేములకు దీన్ని పక్కన పెట్టేయండి.

టీవీ ముందా, రిసీవర్ ముందా?

అసలు నిర్ణయం ఇక్కడుంది. పద్ధతులు రెండే.

మొదటిది, పరికరాలన్నీ రిసీవర్‌కి కలిపి, రిసీవర్ నుంచి ఒకే ఒక్క హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకి ఇవ్వడం. శబ్దం నేరుగా రిసీవర్‌కే చేరుతుంది కాబట్టి మధ్యలో టీవీ వేలు పెట్టదు. కొన్ని టీవీలు బయటి పరికరం నుంచి వచ్చిన 5.1ని ఆప్టికల్లోకి పంపేటప్పుడు స్టీరియో చేసేస్తాయి. కొన్ని డీటీఎస్‌ని అసలు దాటనివ్వవు. ఈ తలనొప్పులేవీ ఉండవు.

రెండోది, పరికరాలన్నీ టీవీకి కలిపి, శబ్దాన్ని ఆర్క్ లేదా ఈఆర్క్ ద్వారా రిసీవర్‌కి పంపడం. రిసీవర్ పాతదై 4కె బొమ్మను దాటించలేకపోతే ఇదే దారి.

మరి ఏది మంచిది? రెండూ కలిపితేనే మంచిది. వీలైనవన్నీ రిసీవర్‌కి. టీవీలోనే ఉన్న యాప్‌ల శబ్దం మాత్రం ఆర్క్‌లో వెనక్కి. రిసీవర్ నుంచి టీవీకి వెళ్లిన ఆ ఒక్క కేబులే రెండు పనులూ చేస్తుంది, బొమ్మ అటు, శబ్దం ఇటు. కాకపోతే టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐ సాకెట్లున్నా ఆర్క్ పనిచేసేది సాధారణంగా ఒక్కదాంట్లోనే. దాని పక్కన ‘ఆర్క్’ లేదా ‘ఈఆర్క్’ అని రాసి ఉంటుంది. రిసీవర్‌లోనూ ‘అవుట్’ వైపున్న సాకెట్‌కే పెట్టాలి. ఇది చూసుకోకుండా పక్క సాకెట్లో పెట్టి ‘ఆర్క్ పనిచేయట్లేదు’ అని బాధపడేవాళ్లే ఎక్కువ.

ఒక్కో పరికరానికీ ఒక్కో లెక్క

సెట్‌టాప్ బాక్స్: హెచ్‌డీఎంఐలో రిసీవర్‌కి. చాలా ఛానళ్లు స్టీరియోలోనే వస్తాయి కాబట్టి సీరియల్‌కి సరౌండ్ రాలేదని దిగులు పడక్కర్లేదు. రిసీవర్‌లో ‘స్టాండ్‌బై త్రూ’ అనే ఆప్షన్ ఆన్ చేస్తే, రిసీవర్ ఆపేసి ఉన్నా బొమ్మ, శబ్దం టీవీకి వెళ్తుంటాయి. పొద్దున్నే వార్తలు చూడటానికి హోమ్ థియేటర్ మొత్తం మోగాల్సిన పని లేదు కదా.

స్ట్రీమింగ్ స్టిక్: ఇదీ రిసీవర్‌కే. కరెంటు మాత్రం దాంతో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. రిసీవర్‌కున్న యూఎస్‌బీ నుంచి ఇస్తే చాలక మధ్యమధ్యలో ఆగిపోవచ్చు.

గేమింగ్ కన్సోల్: ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లాంటివి 4కెలో సెకనుకు 120 ఫ్రేముల దాకా ఇస్తాయి. రిసీవర్ హెచ్‌డీఎంఐ 2.0 కాలానిదైతే 60 దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు కన్సోల్‌ని టీవీకే కలిపి, శబ్దాన్ని ఈఆర్క్‌లో తెచ్చుకోండి. కొత్త రిసీవర్లలోనూ కొన్నింటికి 120 ఫ్రేములు అన్ని సాకెట్లలో పనిచేయవు. సాకెట్ మీద రాసింది చదివాకే పెట్టాలి.

ల్యాప్‌టాప్: హెచ్‌డీఎంఐతో కలపగానే పనైపోదు. సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిసీవర్‌ని ఎంచుకుని, స్పీకర్లు 5.1 అని చెప్పాలి. లేకపోతే స్టీరియోనే పంపుతుంది. ఓటీటీని బ్రౌజర్‌లో చూస్తే ఇవన్నీ చేసినా చాలాసార్లు దక్కేది స్టీరియోనే.

పాత డీవీడీ ప్లేయర్: హెచ్‌డీఎంఐ లేకపోయినా పారేయకండి. దాని వెనక కోయాక్సియల్ లేదా ఆప్టికల్ సాకెట్ ఉంటే డిస్కులో ఉన్న 5.1 మొత్తం వస్తుంది. ఎర్ర-తెల్ల పిన్నులతో కలిపితే స్టీరియోనే.

రికార్డ్ ప్లేయర్: ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ ఇంకా భద్రంగా ఉన్న ఇళ్లు ఉన్నాయి. దీన్ని మామూలు సాకెట్‌కి కలిపితే ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు పీలగా వినిపిస్తుంది. కారణం... రికార్డు సూది నుంచి వచ్చే సంకేతం దాదాపు 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు. అంటే 400 రెట్ల తేడా! పైగా రికార్డు మీద బేస్ తగ్గించి, కీచు శబ్దాలు పెంచి గీస్తారు. వినేటప్పుడు దాన్ని మళ్లీ సరిచేయాలి. ఈ రెండు పనులూ చేసేదే రిసీవర్‌లోని ‘ఫోనో’ సాకెట్. అది లేకపోతే ఫోనో ప్రీయాంప్ అనే చిన్న పెట్టె మధ్యలో పెట్టుకోవాలి. ప్లేయర్‌లోనే ప్రీయాంప్ ఉంటే మాత్రం మామూలు సాకెట్ చాలు. ఇంకో మాట, 78 ఆర్‌పీఎమ్ రికార్డులకు సూది వేరే ఉంటుంది. ఎల్‌పీ సూదితో వాటిని వేయొద్దు.

బజారు 5.1 సెట్ల సంగతి

చాలా ఇళ్లలో ఉండేది ఖరీదైన రిసీవర్ కాదు. యూఎస్‌బీ, ఎఫ్‌ఎమ్, బ్లూటూత్ అన్నీ ఉన్న 5.1 సెట్టు. చిన్న స్పీకర్లు ఐదు, పెద్ద డబ్బా ఒకటి. వీటిలో చాలావాటికి డాల్బీని విప్పే డీకోడర్ లోపల ఉండదు. టీవీ నుంచి ఎర్ర-తెల్ల పిన్నులు కలిపితే రెండు ఛానళ్లనే ఐదు స్పీకర్లకూ పంచుతాయి.

మీ సెట్టు వెనక ఆరు ఆర్‌సీఏ సాకెట్లతో ‘5.1 ఇన్‌పుట్’ ఉందా? అయితే ఆశ ఉంది. ఆప్టికల్ లేదా ఆర్క్ నుంచి డాల్బీ డిజిటల్ తీసుకుని ఆరుగా విడదీసే డీకోడర్ పెట్టెలు ఆన్‌లైన్లోనూ, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలోనూ దొరుకుతాయి. కొనేముందు అది డాల్బీ డిజిటల్‌ని నిజంగా విప్పుతుందా, డీటీఎస్ సంగతేంటి అని అడగండి. కుదిరితే అక్కడే వేయించుకుని వినండి. కొత్త సెట్టు కొనకుండానే వెనక స్పీకర్లకు వాటి గొంతు వాటికి వస్తుంది.

పెట్టె ముఖం చూడండి

అన్నీ సరిగ్గా కలిపినా సరౌండ్ రాకపోతే దొంగ సాధారణంగా సెట్టింగ్స్‌లో దాక్కుని ఉంటాడు. వాడి పేరు పీసీఎమ్. టీవీలు, సెట్‌టాప్ బాక్సులు చాలావరకు ‘డిజిటల్ ఆడియో అవుట్’ దగ్గర పీసీఎమ్ పెట్టుకుని వస్తాయి. ఆర్క్‌లో, ఆప్టికల్లో దీని అర్థం స్టీరియో. దాన్ని ‘ఆటో’, ‘పాస్ త్రూ’, ‘బిట్‌స్ట్రీమ్’... వీటిలో ఏది ఉంటే దానికి మార్చండి.

మారిందో లేదో చెవులతో తేల్చుకోవడం కష్టం. రిసీవర్ డిస్‌ప్లే చూడండి, లేదా రిమోట్‌లో ‘ఇన్ఫో’ నొక్కండి. వస్తున్న సంకేతం ‘డాల్బీ డిజిటల్’, ‘డాల్బీ డిజిటల్ ప్లస్’, ‘అట్మాస్’, ‘డీటీఎస్’ అని ఉంటే దారి బాగున్నట్టే. ‘పీసీఎమ్ 2.0’ అనో, ‘మల్టీ ఛానల్ స్టీరియో’ అనో ఉంటే మాత్రం మీరు వింటున్నది పంచిపెట్టిన స్టీరియో. మోగుతున్న స్పీకర్లను లెక్కపెట్టొద్దు, డిస్‌ప్లేని నమ్మండి.

సినిమాలోనూ ఆ ట్రాక్ ఉండాలి మరి. ఓటీటీలో ఆడియో మెనూ తెరిస్తే తెలుస్తుంది. ఒకే సినిమాకి ఒక భాషలో 5.1 ఉండి, ఇంకో భాషలో స్టీరియోనే ఉండొచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి.

‘డైలాగులు వినపడవు, ఫైట్ రాగానే ఇల్లు అదిరిపోతుంది’ అన్నది ఇంకో సాధారణ ఫిర్యాదు. 5.1లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోంచే వస్తాయి. మొత్తం వాల్యూమ్ కాకుండా ఆ ఒక్క స్పీకర్ స్థాయి రెండు మూడు డెసిబెల్స్ పెంచి చూడండి. రాత్రిపూట ‘నైట్ మోడ్’ పెడితే పెద్ద శబ్దాలు తగ్గి చిన్నవి పైకొస్తాయి. పక్క ఫ్లాట్ వాళ్లూ సంతోషిస్తారు.

అమ్మకి కూడా అర్థం కావాలి

మనం ఎంత బాగా కలిపినా, ఇంట్లో అమ్మ సీరియల్ పెట్టుకోవడానికి మనకి ఫోన్ చేయాల్సి వస్తే ఆ హోమ్ థియేటర్ ఎందుకు? ఒక చిన్న పని చేయండి. రిసీవర్ మెనూలో ప్రతి ఇన్‌పుట్‌కీ పేరు మార్చుకోవచ్చు. ‘సీబీఎల్/శాట్’, ‘ఆక్స్ 1’ లాంటివి తీసేసి ‘టీవీ ఛానళ్లు’, ‘ఓటీటీ’, ‘గేమ్’ అని అర్థమయ్యేలా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేయండి.

రెండోది సీఈసీ. టీవీ ఆన్ చేస్తే రిసీవరూ ఆన్ అవడం, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారడం దీనివల్లే. శాంసంగ్‌లో ‘ఎనీనెట్ ప్లస్’, ఎల్‌జీలో ‘సింప్‌లింక్’, సోనీలో ‘బ్రావియా సింక్’ అని పేర్లు వేరైనా పని ఒక్కటే. అన్ని పరికరాల్లోనూ ఆన్ చేస్తే ఒకదాన్నొకటి తోసుకుని ఇన్‌పుట్లు వాటంతటవే మారిపోవచ్చు. అలా జరిగితే టీవీ, రిసీవర్లలో మాత్రం ఉంచి మిగతావాటిలో ఆపేయండి.

రొద వస్తోందా? ఆగండి!

స్పీకర్లలో ఆగకుండా గుంయ్‌మంటుంటే కేబుల్ టీవీ వైరుని ఒకసారి పీకి చూడండి. రొద ఆగిపోతే, ఎర్త్ రెండు దారుల్లో కలవడమే కారణం. అన్ని పరికరాలనూ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి ఇవ్వండి. అప్పటికీ పోకపోతే కేబుల్ వైరుకి పెట్టే ఐసోలేటర్ వాడాలి. కొందరు మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే రొద పోతుందని సలహా ఇస్తారు. అస్సలు వినొద్దు. లోపల ఏదైనా షార్ట్ అయితే ఆ కరెంటు ఇనుప డబ్బాని ముట్టుకున్న మనిషిలోంచే వెళ్తుంది. రొదతో బతకొచ్చు, షాక్‌తో కాదు.

స్పీకర్ వైర్లు కలిపేటప్పుడు రిసీవర్ ప్లగ్ తీసేయండి. ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా యాంప్లిఫయర్ పాడవుతుంది. ఎర్రది ఎర్రదానికీ, నల్లది నల్లదానికీ. ఒక స్పీకర్‌కి తారుమారైతే బేస్ మాయమైపోతుంది. ఉన్న టెర్మినల్‌కే ఇంకో స్పీకర్ తగిలించడమూ ప్రమాదమే. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 4 ఓమ్‌లవుతాయి. రిసీవర్ వెనక రాసిన కనీస ఓమ్‌ల కంటే తగ్గితే వేడెక్కిపోతుంది. వేడంటే గుర్తొచ్చింది, రిసీవర్ నెత్తిన సెట్‌టాప్ బాక్స్ పెట్టకండి. తలుపులు మూసిన టీవీ యూనిట్‌లోనూ దాచకండి. దానికి గాలి ఆడాలి.

ఒక్కొక్కటిగా...

కొత్తగా కలిపేవాళ్లకైనా, ఉన్నదాన్ని సరిచేసుకునేవాళ్లకైనా ఒకటే సూత్రం. అన్ని వైర్లూ ఒకేసారి పెట్టకండి. ముందు స్పీకర్లు కలిపి, రిసీవర్‌తో వచ్చే మైకుని మీరు కూర్చునే చోట పెట్టి ఆటో సెటప్ నడపండి. ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉందో అదే కొలుచుకుంటుంది. తర్వాత టీవీ. ఆపైన ఒక్కో పరికరం. ఒక్కటి కలపగానే డిస్‌ప్లే చూసి, అది సరైనదే చూపిస్తోందని తేలాకే రెండోది. ఎక్కడైనా తేడా వస్తే, చివరగా పెట్టిన దాని దగ్గరే వెతికితే సరిపోతుంది. కేబుల్‌కి రెండు వైపులా చిన్న కాగితం అంటించి పేరు రాసుకుంటే ఆరు నెలల తర్వాత మీకే మేలు.

ఈ ఆదివారం ఓ గంట కేటాయించి, ఇన్ఫో బటన్ నొక్కి చూడండి. కొత్తగా ఏమీ కొనకుండానే, ఒక్క సెట్టింగ్ మారిస్తే వెనక స్పీకర్లలో మొదటిసారి వాన కురవచ్చు!